సైన్స్ క్లాసుకి చిన్న వైట్ బోర్డులు కొన్నా: బోర్డులు ఓకే, మార్కర్లు దండగ

వైజాగ్‌లో గాజువాక సైడు ఎనిమిదో క్లాసుకి సైన్స్ చెప్తా, 52 మంది. ప్రశ్న అడిగితే ముందు బెంచీలో ఆ నలుగురే చేతులెత్తుతారు, సరే అందరూ మాట్లాడుకోండ్రా అని వదిలేస్తే రెండు నిమిషాల్లో చేపల బజారు. అందుకే ఏ4 సైజు వైట్ బోర్డుల సెట్లు మూడు ఆన్‌లైన్‌లో తెప్పించా, సెట్టుకి 10 బోర్డులు, 10 మార్కర్లు, బుల్లి డస్టర్లు. డబ్బులు నా జేబులోవే. పార్సిల్ విప్పుతుంటే మా అమ్మ చూసి "ఇవి పలకలే కదరా" అంది. కరెక్టే, పలకలే.

ఇద్దరికో బోర్డు ఇస్తా. ఒక నిమిషం ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి, సౌండ్ ఉండకూడదు, తర్వాత రెండు నిమిషాలు పక్కోడితో మాట్లాడి ఇద్దరూ కలిసి ఒకటే జవాబు రాయాలి, నేను చెయ్యెత్తగానే మాటలాపి బోర్డులన్నీ పైకి. నా ఐడియా ఏం కాదు, 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికా ఆయన చెప్పిన థింక్ పెయిర్ షేర్ ఇదే, బీఈడీ పరీక్షలో రాసి పాసయ్యాం గానీ క్లాసులో చేసిందెప్పుడు.

మొదటి రోజు అట్టర్ ఫ్లాప్. సగం బోర్డుల మీద క్రికెట్ బ్యాట్లు, పక్క క్లాసు మేడం తలుపు దగ్గరకొచ్చి "సార్ ఉన్నారా?" అని అడిగారు, నేను లోపలే ఉన్నా. మర్నాటి నుంచి మాట్లాడుకోవడం అయ్యాకే మార్కర్ చేతికిచ్చా, సగం గోల అక్కడే తగ్గింది.

మూడో వారం అడిగా, చిన్న మేకు నీళ్ళలో మునిగిపోతుంది, మరి బీచ్ రోడ్డులో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ 91 మీటర్ల ఇనుము, అదెలా తేలేది అని. ఇరవై దాకా బోర్డుల్లో "లోపల గాలి ఉంది". ఇదివరకైతే వెరీ గుడ్ అనేసి పాఠంలోకి వెళ్ళిపోయేవాణ్ణి, ఈసారి నోరు మూసుకుని నించున్నా. (టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసులు రికార్డు చేసి మరీ చూపించింది, ఆ మూడు సెకన్లు ఎంత పొడుగో నించున్నోడికే తెలుస్తుంది.) చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు "గాలుంటే మునగదు కద సార్, మరి సబ్‌మెరైన్ మునగాలి కదా, అదేటి?" అన్నాడు. ఇంక చూస్కోండి. ఒకడు నీళ్ళు లోపలికి తీసుకుంటాది అన్నాడు, ఇంకోడు అయితే లోపలున్నోళ్ళు తడిసిపోరా అన్నాడు, నీళ్ళకి బాలాస్ట్ ట్యాంకులు వేరే ఉంటాయి, పైకి రావాలంటే నొక్కిపట్టిన గాలితో ఆ నీళ్ళని బయటికి తోసేస్తారు అని నేను చెప్పేసరికి బెల్లయిపోయింది.

మార్కర్ల సంగతికొస్తే మూతలు లూజు, వారం తిరక్కుండా సగానికి పైగా ఎండిపోయాయి, అమ్మినోడికి మెసేజ్ పెడితే రిటర్న్ టైమ్ అయిపోయింది అన్నాడు. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో విడిగా కొన్నవే నడుస్తున్నాయి. పైగా మన ఊరి ఉక్కకి మధ్యాహ్నం పీరియడ్‌లో పిల్లల చేతులు చెమటకి తడిసి, రాసిందంతా మోచేతులకి అంటుకుపోద్ది. డస్టర్ల కన్నా పాత సాక్సులు నయం. బోర్డులు మాత్రం ఎన్నిసార్లు కింద పడ్డా పగల్లేదు, అంచులు కొంచెం లేస్తున్నాయి అంతే.

బోర్డులకి 4 స్టార్లు, మార్కర్లకి 1. మార్కర్లు లేకుండా ఉత్త బోర్డులు అమ్మేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి, తొమ్మిదో క్లాసోళ్ళు మాకేవి సార్ అని వెంటపడుతున్నారు.