వీపు కుట్టు చాటున వదిలిన బట్ట: నా రెడీమేడ్ సూటు గురించి

రెడీమేడ్ సూటు కొనేటప్పుడు అందరమూ అద్దం ముందు నిలబడి ముందు వైపే చూసుకుంటాం. రంగు నప్పిందా, కాలరు మెడకు ఆనిందా, గుండీ పెడితే పొట్ట దగ్గర పట్టేస్తోందా, ఇవే చూస్తాం. సూటు కొంటున్నామని ఎవరు చెప్పినా నేను మాత్రం వీపు కుట్టు తడిమి చూడమంటాను. నా ముదురు నీలం సూటు ఇన్నేళ్లుగా నా బీరువాలో ఉందంటే, ఇంకా నా ఒంటికి పడుతోందంటే, దానికి కారణం లైనింగ్ చాటున ఎవరో కత్తిరించి పారేయకుండా వదిలిన కాస్త బట్ట. ఈ సమీక్షంతా దాని గురించే.

నా పెళ్లి రిసెప్షన్ కోసం హైదరాబాదులో ఒక పెద్ద దుస్తుల షోరూములో కొన్నాను. ఊరూరా శాఖలున్న సంస్థే. టెర్రీ వూల్ (ఉన్ని, పాలిస్టర్ కలిపి నేసిన) బట్ట, రెండు గుండీల కోటు, వెనక రెండు పక్కలా చీలికలు, 40 సైజు. మిగతా వివరాలు చెప్పి ప్రయోజనం లేదు, ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు. నేను పనిచేసేది మందుల తయారీ కంపెనీలో. విదేశాల నుంచి తనిఖీ బృందాలు వచ్చినప్పుడల్లా ఇదే సూటు. చలికాలంలో ఢిల్లీ సమావేశాలకు ఇదే, బంధువుల ఇళ్లలో రిసెప్షన్లకూ ఇదే. పెళ్లినాటి సూటు ఇది. మా పాప ఇప్పుడు బడికి వెళ్తోంది.

కొన్న రోజుల్లో నేను అందరికీ చెప్పిన గొప్ప వేరు. భుజం గురించి చెప్పేవాణ్ని. భుజం కుట్టు సరిగ్గా నా భుజం ఎముక దగ్గర ఆగింది, చెయ్యి పైకెత్తినా కాలరు మెడను వదల్లేదు. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కోటులో నడుము తగ్గించవచ్చు, చేతుల పొడవు సరిచేయవచ్చు, ప్యాంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. భుజం మాత్రం కదిలించాలంటే చెయ్యి మొత్తం ఊడదీయాలి. ఆ పని ఒప్పుకునే దర్జీలు తక్కువ, ఒప్పుకున్నా కూలి కోటు ధరలో సగం దాకా పోతుంది. అందుకని భుజం సరిపోని కోటు ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేయాలి. ఛాతీ గురించి కూడా చెప్పేవాణ్ని. ఎక్కడా ముడత లేకుండా నిటారుగా నిలిచేదని మురిసిపోయేవాణ్ని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పెళ్లయ్యాక నాకు ఒళ్లు వచ్చింది. షిఫ్టులు మారాయి, రాత్రి భోజనాలు ఆలస్యమయ్యాయి, పాప పుట్టాక నడక మానేశాను. ఒక తనిఖీకి ముందు రోజు రాత్రి కోటు తొడిగి గుండీ పెడితే దాని చుట్టూ నాలుగు వైపులా ముడతలు లాక్కుపోయాయి. ప్యాంటు హుక్కు అందనే లేదు. ఆ తనిఖీకి మామూలు చొక్కా, ప్యాంటుతో వెళ్లాను. మా ఆవిడ సూటును చూసి, "కొత్తది కొనేముందు ఒక్కసారి టైలరుకు చూపించండి" అంది. నాకు నమ్మకం లేదు. బిగించడం అంటే ఎవరైనా చేస్తారు. వదులు చేయడానికి బట్ట ఎక్కడి నుంచి వస్తుంది?

సికింద్రాబాదు జనరల్ బజార్ దగ్గరి ఒక సందులో కోట్లు మాత్రమే కుట్టే మాస్టర్ గారు ఒకరున్నారు. పెద్ద వయసు, చిన్న కొట్టు, గోడ పొడవునా సగం కుట్టిన కోట్లు. నా కోటు తీసుకుని ముందు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. లోపలికి తిప్పి, బొటనవేలు, చూపుడువేలు మధ్య వీపు నడిమి కుట్టును పట్టుకుని కాలరు కింది నుంచి అంచు దాకా మెల్లగా జార్చారు. తర్వాత పక్క కుట్లు. తర్వాత ప్యాంటు తిరగేసి వెనక కుట్టు చూశారు.

"ఇందులో బట్ట ఉంది బాబూ. మీకు కొత్తది అక్కర్లేదు" అన్నారు.

"రెడీమేడ్ కదా మాస్టర్ గారూ, వదులుతారా?"

"అందరూ వదలరు. ఇది కుట్టించినవాడు వదిలాడు."

కింద అంచు దగ్గర లైనింగ్‌ను నాలుగు వేళ్ల మేర బ్లేడుతో విప్పి చూపించారు. నడి వీపు కుట్టుకు అటూ ఇటూ అంగుళం చొప్పున బట్ట, రెండు వైపులా చదునుగా ఇస్త్రీ చేసి ఉంది. అంచులు దారం ఊడకుండా కుట్టి ఉన్నాయి. పక్క కుట్లలో అంత లేదు, అర అంగుళం ఉందేమో. ప్యాంటులో మాత్రం ధారాళంగా వదిలారు. నడుము పట్టీ దగ్గర చెరో అంగుళంన్నర, కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ వచ్చింది. నేను ఆ సూటును ఎన్నిసార్లు తొడిగానో, ఎన్నిసార్లు ఉతికించానో, ఆ బట్ట అక్కడ ఉందని నాకు తెలియదు. షోరూములో అమ్మిన అబ్బాయి కూడా ఆ మాట ఎత్తలేదు. బహుశా అతనికీ తెలిసి ఉండదు.

మా అమ్మ జాకెట్లు కుట్టించేటప్పుడు దర్జీకి కొలతలకంటే ముందు చెప్పేది ఒకటే మాట: "లోపల ఇంకో కుట్టుకు బట్ట వదలండి." ఆ ముందుచూపు పెద్ద కంపెనీ మగవాళ్ల సూటులో కనిపించేసరికి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ కోటు కత్తిరించినప్పుడు వీపు ముక్కలకు చెరో అంగుళం ఎక్కువ పెట్టమని ఎవరో నిర్ణయించారు. వేల సూట్ల మీద అంగుళాలు ఆదా చేస్తే కంపెనీకి ఎంత మిగిలేదో లెక్క కట్టవచ్చు. ఆ ఆదా వాళ్లు చేసుకోలేదు. ఆ అంగుళం నా దాకా వచ్చింది.

అయితే ఎంత వదిలినా అంతా వాడుకోవడం కుదరదని మాస్టర్ గారు అప్పుడే చెప్పారు. కుట్టు నిలవడానికి కొంత లోపల ఉండాలి. చీలికలు రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి నడి వీపు కుట్టును కాలరు కింది నుంచి అంచు దాకా సాఫీగా విప్పగలిగారు. చీలిక నడి వీపులో ఉంటే అంత సులువు కాదట. ముందు భాగంలో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. కాజా కత్తిరించి ఉంటుంది, దాన్ని జరపలేం. గుండీని మాత్రం కాస్త అంచు వైపు జరిపి కుట్టారు. మొత్తం మీద కోటు నడుము దగ్గర అంగుళంన్నర, ప్యాంటు 2 అంగుళాలు పెరిగాయి.

తిరిగి ఇచ్చినప్పుడు వీపు నడుమ పాత కుట్టు జాడ సన్నటి గీతలా కనిపించింది. లోపల ఎండ తగలని బట్ట ఒక పిసరు ముదురుగా ఉంది. తడిగుడ్డ వేసి ఆవిరి పట్టిస్తే గీత చాలా వరకు పోయింది. రంగు తేడా మాత్రం ఎండలో దగ్గరగా నిలబడి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. వేదిక దీపాల కింద, సమావేశాల గదుల్లో ఎవరూ గమనించలేదు. లేత బూడిద రంగు సూటు అయితే ఇంకా స్పష్టంగా కనిపించేదని మాస్టర్ గారు చెప్పారు.

ఇది చూశాక మా బావమరిది కూడా తన సూటు తెచ్చాడు. నా దానికి రెట్టింపు ధర పెట్టి మరో షోరూములో కొన్నది, ఒంటికి అతుక్కునే కోత. మాస్టర్ గారు తడిమి చూసి వెంటనే తిరిగి చేతిలో పెట్టారు. వీపు కుట్టులో పెన్సిలు మందం బట్ట తప్ప ఏమీ లేదు. ఖరీదైన సూటు, అందులోనూ పెళ్లికి తొడిగిన సూటు, నడుము 2 అంగుళాలు పెరిగినందుకు పనికిరాకుండా పోవడం నాకు చాలా బాధనిపించింది. ముప్పై దాటిన మగవాడికి నడుము పెరగడం వింత సంగతేమీ కాదు. పెరగదనే లెక్కతో కోసిన సూటును అంత ధరకు అమ్మడం కొనేవాడి పట్ల చేసే అన్యాయం. బావమరిది కోటు లేబుల్ మీద సూపర్ 120 అని ఘనంగా రాసి ఉంది. ఆ అంకె ఉన్ని పోగు సన్నదనానికి గుర్తు. సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, 120 అయితే 17.75. పోగు సన్నబడేకొద్దీ బట్ట మెత్తగా ఉంటుంది, కూర్చునే చోట, తొడల మధ్య త్వరగా అరుగుతుంది కూడా. లోపల బట్ట వదిలారో లేదో ఏ లేబులూ చెప్పదు.

ఇక ఛాతీ సంగతి. నిటారుగా నిలిచిందని మురిసిన ఆ ఛాతీ లోపల ఉన్నది జిగురుతో అంటించిన పొర. రెడీమేడ్ సూట్లలో అత్యధిక భాగం ఇలాంటివే. పై బట్టకు లోపల ఒక పొరను వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. కొత్తలో చక్కగా ఉంటుంది. డ్రైక్లీనింగులు పడేకొద్దీ, ఇస్త్రీ వేడి తగిలేకొద్దీ జిగురు అక్కడక్కడ వదులుతుంది. నా కోటు ఎడమ లాపెల్ (కాలరు నుంచి ఛాతీ మీదికి మడిచిన భాగం) కింద గోరంత బుడగ లేచింది. ఎదురుగా చూస్తే కనిపించదు, పక్క నుంచి వెలుతురు పడితే తెలుస్తుంది. తడిగుడ్డ వేసి మెల్లగా నొక్కితే కొన్నాళ్లు అణిగి ఉంటుంది, మళ్లీ లేస్తుంది. దీనికి శాశ్వతంగా చేయగలిగింది లేదన్నారు మాస్టర్ గారు. కాబట్టి ఛాతీ గురించి అప్పట్లో నేను ఇచ్చిన మార్కుల్లో ఇప్పుడు సగం తీసేస్తున్నాను. వెనక బట్ట వదిలినవాళ్లు ముందు జిగురుతో సరిపెట్టారు.

లైనింగ్ పాలిస్టర్. మన ఎండల్లో, కరెంటు పోయిన ఫంక్షన్ హాల్లో అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చంకల దగ్గర చిరిగితే అక్కడి వరకు మార్పించాను. డ్రైక్లీనింగ్ వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచి తీసేసి నూలు గుడ్డ కప్పి, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి, కలరా ఉండలు తగలకుండా గుడ్డలో చుట్టి పెడుతున్నాను. బట్ట ఇంతవరకు చెక్కుచెదరలేదు. ప్యాంటు వెనక మాత్రం కొంచెం మెరుపు వచ్చింది, అది నేరుగా ఇస్త్రీ పెట్టిన దుకాణం పుణ్యం.

ఇదంతా చదివి ఆ షోరూము పేరు అడుగుతారని తెలుసు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఈ మధ్య మా తమ్ముడి పెళ్లి కుదిరింది. ఎంతో నమ్మకంతో వాణ్ని అక్కడికే తీసుకెళ్లాను. అదే సంస్థ, దాదాపు అదే కోత, ధర మాత్రం బాగా పెరిగింది. ట్రయల్ రూములో కోటు తిరగేసి, లైనింగ్ పైనుంచి నడి వీపు కుట్టును వేళ్ల మధ్య జార్చాను. బట్ట రెండు పొరలుగా ఎక్కడి దాకా ఉందో వేళ్లకు తెలిసిపోతుంది, కుట్టు నుంచి కొంచెం దూరంలో సన్నటి గట్టు తగులుతుంది. నా కోటులో ఆ గట్టు అంగుళం దూరంలో ఉండేది. కొత్తదాంట్లో కుట్టు పక్కనే ఉంది. ప్యాంటు తిరగేస్తే వెనక కుట్టులో అర అంగుళం కూడా లేదు. అమ్మే అబ్బాయిని అడిగితే, "ఇప్పుడు అన్నీ ఇలాగే వస్తున్నాయి సార్, కావాలంటే ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్నాడు. ఒక సైజు పెద్దది తీసుకుంటే భుజం జారుతుంది. అక్కడ కొనకుండా బయటికి వచ్చేశాం.

నా మాట అందరికీ వర్తించదు. ఒళ్లు ఏళ్ల తరబడి ఒకే తీరున ఉండేవాళ్లకు, ఒక్క రిసెప్షన్ కోసం తప్ప సూటు ముట్టుకోనివాళ్లకు, ఈ అంగుళం బట్టతో పనిలేదు. భుజం బాగుంటే చాలు. రోజూ ఆఫీసుకు సూటు వేసుకోవాల్సినవాళ్లకు ఒకే బట్టలో రెండు ప్యాంట్లు దొరకడం ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ముందు పోయేది ప్యాంటే. ఒక భుజం వాలి ఉన్నవాళ్లు, పొట్టకూ ఛాతీకీ కొలత దగ్గరగా ఉన్నవాళ్లు రెడీమేడ్ జోలికి పోకుండా కుట్టించుకోవడమే మంచిది. నాలాగా ఏడాదిలో కొన్నిసార్లే తొడుగుతూ, అదే సూటు చాలాకాలం నిలవాలనుకునే మధ్యతరగతి ఉద్యోగికి మాత్రం ఈ సూటు పెట్టిన ధరకు రెండింతలు పని చేసింది, లాపెల్ కింద బుడగతో సహా.

తమ్ముడికి చివరకు మరో దుకాణంలో బూడిద రంగు సూటు తీసుకున్నాం. భుజం సరిపోయింది, ప్యాంటు వెనక అంగుళం పైనే బట్ట ఉంది. గుండీల దగ్గర కోటును లోపలా బయటా గిల్లి పట్టుకుని విడదీస్తే మధ్యలో మూడో పొర విడిగా జారింది, అంటే అక్కడ జిగురుతో అంటించిన పొరకు బదులు విడిగా కుట్టిన కాన్వాస్ గుడ్డ ఉందన్నమాట. వీపులో మాత్రం ముప్పావు అంగుళమే. వాడు ఇంకా రోజూ గ్రౌండులో పరుగెత్తుతున్నాడు కాబట్టి ప్రస్తుతానికి సరిపోతుందనుకున్నాం. చేతుల దగ్గర కాజాలు కత్తిరించలేదు. పెళ్లి లోపు మాస్టర్ గారి దగ్గర చేతుల పొడవు ఒక అర అంగుళం తగ్గించాలి, చొక్కా కఫ్ కాస్త బయటికి కనిపించేలా.