టైట్సా, బ్రీచెస్సా, దర్జీ కుట్టిందా? లావుగా ఉన్న ఆడవాళ్ళకి గుర్రపు స్వారీలో ఏది మేలు

స్వారీ నేర్చుకోవాలని మనసులో ఉన్నా "ముందు కాస్త ఒళ్ళు తగ్గనీ" అంటూ ఏళ్ళకు ఏళ్ళు వాయిదా వేసే ఆడవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అమెరికాలో శనివారం పిల్లల్ని స్వారీ పాఠాలకు దింపి, కంచె పక్కన నిలబడి చూసే తెలుగు తల్లులతో మాట్లాడండి. గుర్రమంటే భయమని చెప్పేవాళ్ళు తక్కువ. "ఆ బిగుతు ప్యాంట్లు మనకెక్కడ పడతాయండీ" అనేవాళ్ళే ఎక్కువ. పడతాయి. కాకపోతే ఏ రకం, ఏ కొలతతో, ఎవరు కుట్టింది అని చూసుకుని కొనాలి. పొట్ట ఉన్నవాళ్ళకి హాయిగా ఉన్నది తొడలు లావున్నవాళ్ళకి నరకంగా ఉండొచ్చు.

గుర్రం మోయగల బరువు సంగతి ముందే తేల్చేసుకుందాం. బట్టల దుకాణంలో నిలబడ్డా మనసులో తొలిచేది అదే కనుక. 2008లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో గుర్రాల మీద చేసిన అధ్యయనంలో, గుర్రం తన బరువులో 20 శాతం దాకా మోసినప్పుడు పెద్ద తేడా కనబడలేదు. 25, 30 శాతానికి వెళ్ళేసరికి కండరాల నొప్పి, బిగుసుకుపోవడం పెరిగాయి. ఆ లెక్కన 500 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 100 కిలోలు. చాలా స్వారీ పాఠశాలలు ఈ లెక్కకు దగ్గర్లోనే తమ పరిమితి పెట్టుకుంటాయి. చేరే ముందే ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. మీకు సరిపడే గుర్రం వాళ్ళ దగ్గర ఉందంటే ఇక మిగిలింది బట్టలే.

బట్టలు సరిగ్గా పట్టడం అందం కోసం మాత్రమే అనుకోకండి. జీన్స్ తొడుక్కుని ఇంగ్లిష్ జీను మీద కూర్చుంటే, తొడ లోపలి వైపు దళసరి కుట్టు మీ బరువుకీ తోలుకీ మధ్య నలిగి, గంట తిరక్కుండానే చర్మం లేచిపోతుంది. ట్రాక్ ప్యాంటు మోకాలి వెనక మడతలు పడి అక్కడ కోసుకుంటుంది. చుడీదార్ టాప్ వదులుగా ఉంటే జీను ముందు భాగానికి తట్టుకుంటుంది, దిగేటప్పుడు అది ప్రమాదం. ఒళ్ళు ఎక్కువున్న చోట రాపిడి ఎక్కువ, అందుకే సన్నగా ఉన్న పిల్ల ఏదో ఒకటి వేసుకుని నెట్టుకొచ్చినట్టు మనం నెట్టుకురాలేం.

టైట్స్, బ్రీచెస్

టైట్స్ అంటే లెగ్గింగ్స్ తరహా అల్లిక బట్ట. జిప్పు ఉండదు, నడుముకు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, మోకాలి దగ్గరో కూర్చునే భాగమంతానో జారకుండా సిలికాన్ అచ్చు. బ్రీచెస్ నేత బట్ట. జిప్పు, గుండీ, బెల్టు లూపులు, పిక్క కింద బూటులోకి మడత పడకుండా దిగే పల్చటి అంచు.

పొట్ట ఎక్కువ, కాళ్ళు సన్నం అయిన ఒంటికి బ్రీచెస్‌తో మొదటి ఇబ్బంది గుండీ. నిలబడ్డప్పుడు సరిగ్గానే ఉంటుంది, జీను మీద కాస్త ముందుకు వంగగానే పొట్టలోకి దిగుతుంది. నొప్పి తప్పించుకోవడానికి తెలియకుండానే వెనక్కి వాలి కూర్చుంటాం, శిక్షకురాలేమో "ముందుకు, ముందుకు" అని అరుస్తూనే ఉంటుంది. ఈ తీరు ఒంటికి బొడ్డు పైదాకా వచ్చే ఎత్తు నడుము టైట్స్ ఎంతో మేలు. నడుము పట్టీ కనీసం నాలుగు వేళ్ళ వెడల్పుండాలి, సన్న పట్టీ అయితే చుట్టుకుపోయి కిందికి జారుతుంది.

నడుము సన్నం, తుంటి తొడలు వెడల్పు అయిన ఒంటిది వేరే కథ. తొడకు సరిపోయే బ్రీచెస్ తెచ్చుకుంటే నడుము వెనక చెయ్యి దూరేంత ఖాళీ. బెల్టు బిగిస్తే ఆ బట్టంతా వెన్ను మీద ముడతలు పడుతుంది. టైట్స్‌లో ఆ బాధ లేదు. అయితే తొడలు ఒకదానికొకటి రాసుకునే వాళ్ళకి పల్చటి టైట్స్ తొందరగా ముద్దలు కట్టి, చివరికి అక్కడే చిరుగుతాయి. కూర్చున్నప్పుడు బట్ట సాగి లోపలి రంగు కనబడేంత పల్చనైతే అది స్వారీకి పనికిరాదు. కొనేముందు రెండు చేతులతో సాగదీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి.

ఈ రెంటి మధ్య ఇంకో రకం ఉందని చాలామందికి తెలియదు: జిప్పు లేకుండా లాక్కుని వేసుకునే బ్రీచెస్. నేత బట్ట దళసరి, ఎలాస్టిక్ నడుము హాయి, రెండూ దొరుకుతాయి. నన్నడిగితే మొదటి జత ఎత్తు నడుము టైట్స్ కొనండి. స్వారీ వదలరని మీకే నమ్మకం కుదిరాక రెండోది ఈ లాక్కునే బ్రీచెస్. జిప్పు బ్రీచెస్ పోటీలకు వెళ్ళేవాళ్ళకి, అది కూడా ఒంటికి సరిగ్గా కుదిరితేనే.

సిలికాన్ అచ్చు ఎంత మేర ఉండాలన్నది కూడా మన ఒంటికి పెద్ద విషయమే. అచ్చు వేసిన చోట బట్ట తక్కువ సాగుతుంది, తోలు లేదా స్వెడ్ అతికించిన చోటైతే ఇంకా తక్కువ. కూర్చునే భాగమంతా తోలున్న బ్రీచెస్ మీ సైజే అని చీటీ మీద రాసి ఉన్నా, తొడ దగ్గర ఒక సైజు చిన్నదిలా పట్టేస్తుంది. పైగా కొత్తగా నేర్చుకునేటప్పుడు ట్రాట్ నడకలో (గుర్రం ఎగిరెగిరి వేసే దుడుకు నడక) లేచి కూర్చోవడం తెలియాలి, మరీ పట్టు ఎక్కువైతే జీనుకు అతుక్కుపోయి లేవడం కష్టం. మోకాలి దగ్గర మాత్రమే పట్టు ఉన్నది మొదలుపెట్టడానికి చాలు.

ఇక్కడ మన పొడుగు సంగతి చెప్పాలి. పెద్ద సైజులు కుట్టే కంపెనీలు చాలావరకు నడుముతోపాటు కాలి పొడుగునూ పెంచుకుంటూ పోతాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషి 2ఎక్స్ వేసుకుంటే మోకాలి పట్టీ పిక్క మీదికి దిగుతుంది, చీలమండ దగ్గర బట్ట గుట్టపడి బూటులో నొక్కుతుంది. జర్మన్ కొలతల్లో దీనికి మంచి దారి ఉంది. అక్కడ పొట్టివాళ్ళ సైజుకి మామూలు సైజులో సగం అంకె వేస్తారు, పొడుగువాళ్ళకి రెట్టింపు. 46 సైజు పొట్టివాళ్ళకి 23 అవుతుంది, 48 అయితే 24. ఆ 23 చూసి పిల్లల సైజేమో అని పక్కన పెట్టేయకండి. అమెరికన్ వాటిలోనైతే ప్లస్ సైజుల్లో మళ్ళీ పొట్టి పొడుగు తేడాలు దొరకడం తక్కువ. అప్పుడు చీలమండ దాకా మాత్రమే వచ్చే మోడల్ చూసుకోవాలి, లేదా కింది అంచు దర్జీ చేత తీయించుకోవాలి.

కొలతలు నిలబడి కాదు, కూర్చుని తీసుకోండి. కూర్చుంటే నడుము, తుంటి, తొడ మూడూ పెరుగుతాయి. గుర్రపు సామాన్ల దుకాణాల్లో జీను వేసిన స్టాండు ఉంటుంది, ట్రయల్ గదిలోంచి నేరుగా వచ్చి దానిమీద ఎక్కి కూర్చోవడం మీ హక్కు. ఇంట్లో తెప్పించుకుంటే సోఫా చేతికి అటొక కాలు ఇటొక కాలు వేసి పది నిమిషాలు కూర్చోండి, పైకి కిందికి లేవండి. చీటీ తీయకముందే నడుము వెనక జారుతోందా, మోకాలి వెనక మడత గుచ్చుకుంటోందా తెలిసిపోతుంది.

పిక్క దగ్గరే అసలు పరీక్ష

ప్యాంటు కన్నా ఎక్కువమంది ఆగిపోయేది బూట్ల దగ్గర. మోకాలి దాకా వచ్చే పొడుగు బూట్లలో చాలావరకు "వైడ్" అనేది పాదానికి కాదు, పిక్కకి. అది కూడా చాలా వాటిలో 15, 16 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. 17, 18 అంగుళాల పిక్కకి జిప్పు సగం దాకా వచ్చి నిలిచిపోతే తప్పు మీ కాలిది కాదు, బూటు అంతవరకే కుట్టారు.

దీనికి ప్రత్యామ్నాయం చీలమండ దాకా ఉండే పొట్టి బూటు, దానిమీద పిక్కకు చుట్టి జిప్పు వేసుకునే హాఫ్ చాప్స్. లావు పిక్క ఉన్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. పాదం సైజు, పిక్క సైజు విడివిడిగా ఎంచుకోవచ్చు. హాఫ్ చాప్స్‌లో వెనక నిలువునా ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది, సాయంత్రానికి కాళ్ళు వాచినా సర్దుకుంటుంది. నెలలో ఒళ్ళు అటూ ఇటూ అయినా పాడవదు. ధరలో కూడా రెండూ కలిపి మంచి పొడుగు బూట్ల కన్నా తక్కువే. పోటీల్లో ఒప్పుకోరేమో అన్న అనుమానం ఉంటే, అమెరికా డ్రెసాజ్ (గుర్రాన్ని తీరుగా నడిపించి చూపే పోటీ) నిబంధనలు బూటు రంగుకి సరిపోయే నున్నటి తోలు హాఫ్ చాప్స్‌ని అనుమతిస్తాయి. పెద్దవాళ్ళ హంటర్ పోటీల్లో (గుర్రం కంచెలు దూకే తీరు చూసేవి) మాత్రం పొడుగు బూట్లే చూడాలనుకుంటారు.

పొడుగు బూట్లే కావాలంటే చీలమండ ముందు లేసులుండే ఫీల్డ్ బూట్లు చూడండి, లేసులు లేని డ్రెస్ బూట్ల కన్నా ఇవి పాదం పై భాగంలో వదులు చేసుకోవచ్చు. కొలత తీసేటప్పుడు బ్రీచెస్ వేసుకునే ఉండాలి. కుర్చీలో మోకాలు సమకోణంలో మడిచి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు, పిక్క అతి లావున్న చోట చుట్టుకొలత. కొత్త తోలు చీలమండ దగ్గర ముడుచుకుని కొన్నాళ్ళకి అంగుళం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ దిగుతుంది, కాబట్టి మొదట్లో మోకాలి వెనక కాస్త తగలడం సహజం. బాగా కోసుకుంటే మాత్రం ఎత్తు ఎక్కువైనట్టే. చెప్పులు కుట్టే మంచి పనివాడు వెనక ఎలాస్టిక్ ముక్క వేసి కొంత వెడల్పు చేయగలడు. అంతకు మించి కావాలంటే కొలతకు చేయించుకోవడమే.

బూటు వెడల్పైతే రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియం) కూడా మారాలి. బూటు అరికాలు వెడల్పు కన్నా రికాబు అంగుళం ఎక్కువుండాలి, అంటే రెండు పక్కలా అర అంగుళం చొప్పున ఖాళీ. ఇరుగ్గా ఉంటే పడినప్పుడు పాదం ఇరుక్కుంటుంది, మరీ వదులైతే పాదం లోపలికి దూసుకుపోతుంది. అందుకే స్పోర్ట్స్ బూట్లు వద్దు, అంగుళం మడమ ఉన్నవే వాడాలి. స్వారీ పాఠశాల గుర్రం మీద ఉన్న రికాబుల్లో మీ బూటు ఇరుగ్గా ఉంటే వేరేవి అడగండి.

రెడీమేడా, కుట్టించుకోవడమా

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న ముఖ్యం. హైదరాబాద్‌లో డెకథ్లాన్ వాళ్ళ స్వారీ బ్రాండ్ ఫూగాంజాతో మొదలుపెట్టొచ్చు. అక్కడ మీ సైజు లేకపోతే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. తిరిగి పంపడం ఖర్చుతో కూడిన పని, పన్ను వేరే.

పేట దర్జీ చేత టైట్స్ కుట్టించుకోవాలని మాత్రం అనుకోకండి. అల్లిక బట్టకు బల్లపరుపుగా ఉండి బట్టతోపాటు సాగే కుట్టు వేసే మిషన్ కావాలి, మామూలు మిషన్ కుట్టు సాగినప్పుడు తెగుతుంది లేదా తొడకు తాడులా గుచ్చుకుంటుంది. నేత బట్టలో కాస్త సాగే కాటన్ ట్విల్ ఇచ్చి బ్రీచెస్ కుట్టించుకోవడం మాత్రం మంచి ఆలోచన. నడుము వెనక ఎత్తు మామూలు ప్యాంటు కన్నా రెండు మూడంగుళాలు ఎక్కువ పెట్టమనండి. కాళ్ళ మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలవకుండా డైమండ్ ముక్క వేయించండి. తొడ లోపలి కుట్టు జీనుకు తగలని వైపుకి జరపమనండి.

సాగే బట్ట పుట్టకముందు ఈ సమస్యకు మనవాళ్ళే జవాబు కనిపెట్టారు. జోధ్‌పూర్ రాజవంశానికి చెందిన సర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకు పోలో జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు, తుంటి తొడల దగ్గర బాగా వదులుగా, మోకాలి నుంచి బిగుతుగా ఉండే ఆ ప్యాంటు అక్కడివాళ్ళ కంట్లో పడింది. డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్ తయారుచేసింది 1958లో. ఆ తర్వాతే స్వారీ ప్యాంట్లు కాలికి అతుక్కుపోయాయి. తొడలు లావున్న మనిషికి పాత జోధ్‌పూర్ కోత ఇప్పటికీ సుఖమే. జైపూర్, జోధ్‌పూర్‌లో ఇలాంటివి కొలతకు కుట్టే దర్జీలు ఉన్నారు. మోకాలి కింద బిగుతు మీ పిక్క కొలతకు కుట్టిస్తారు కనుక హాఫ్ చాప్స్ కిందా ఇబ్బంది లేదు. తుంటి వదులు మరీ ఎక్కువ వద్దని చెప్పండి, తొడ జీనుకి తగిలే చోట బట్ట మడత పడకూడదు. ఇక కొలతకు బూట్లు, చాప్స్ కావాలంటే కాన్పూర్ వైపు చూడండి. అక్కడి జీనుల తయారీకి జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉంది, ఎగుమతికి తోలు సామాను చేసేవాళ్ళు కొలత పంపితే చేసిస్తారు.

నా లెక్కలో అమెరికాలో ఉన్నవాళ్ళకి ప్యాంటు రెడీమేడ్, బూట్లు హాఫ్ చాప్స్. కెర్రిట్స్ లాంటి కంపెనీలు ప్లస్ సైజుల్లో కుడుతున్నాయి, నచ్చకపోతే తిరిగి పంపడం తేలిక. మన దేశంలో ఉన్నవాళ్ళకి కుట్టించుకున్న ప్యాంటే మేలు. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే ఒక జత టైట్స్ తెప్పించుకుంటే ఇంకా మంచిది.

లోపలి బట్టలకు మాత్రం డబ్బు చూసుకోకండి. ట్రాట్‌లో ఛాతీ కదలిక భరించలేక స్వారీ మానేసినవాళ్ళు ఉన్నారు. రెండూ కలిపి నొక్కేసే స్పోర్ట్స్ బ్రా కన్నా, ఒక్కో వైపు విడిగా కప్పులో పట్టి, వెనక హుక్కులు, వెడల్పు భుజం పట్టీలు ఉన్నది తీసుకోండి. అంచు కుట్టు లేని పొడుగు షార్ట్స్ టైట్స్ కింద వేసుకుంటే తొడల రాపిడి బాగా తగ్గుతుంది, మన ఉక్కపోతలో మరీను.

దూకడం నేర్చుకునే దశకి వస్తే రక్షణ జాకెట్ కావాలి. బీటా (బ్రిటన్ గుర్రపు సామాన్ల వ్యాపారుల సంఘం) 2018 లెవెల్ 3 అని చీటీ ఉన్నది చూడండి. రెండు పక్కలా బిగించుకునే పట్టీలున్నది మన ఒంటికి బాగా సర్దుకుంటుంది. వేసుకున్నాక జీను మీద కూర్చుని చూస్తే, వెనక అంచు జీనుకి తగలకూడదు. తగిలితే ప్రతి అడుగుకీ జాకెట్ పైకి తోసుకొచ్చి మెడ వెనక గుద్దుతుంది. అదే సైజులో వీపు పొట్టి రకం అడగండి.