కొత్త ఆల్కలాయిడ్ల వేటలో ఏది మేలు: ముందు పరీక్షా, ముందు విడదీయడమా?

ఆల్కలాయిడ్లంటే మొక్కల్లో దొరికే, నైట్రోజన్ ఉన్న క్షార పదార్థాలు. ఔషధ మొక్క సారాన్ని ఫ్రాక్షన్లుగా, అంటే భాగాలుగా, చేస్తూ, ఒక్కోదానికీ మందు గుణం ఉందో లేదో పరీక్షిస్తూ, పనిచేసిన దాని వెంటే వెళ్లడం ఒక పద్ధతి. ఆల్కలాయిడ్లన్నీ ముందే విడదీసి, నిర్మాణం తేల్చి, ఆ తర్వాత పరీక్షకు పంపడం ఇంకో పద్ధతి.

సర్పగంధి వేరు ఈ రెండింటినీ చూసింది. 1931లో సలీముజ్జమాన్ సిద్ధిఖీ బృందం ఢిల్లీలో దాని నుంచి ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా తీసింది. వాటిలో ఒకదానికి యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. అయినా ఆ వేరుకున్న మత్తు గుణం ఎక్కడుందో అప్పటికి తేలలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా మందుల కంపెనీ శాస్త్రవేత్తలు జంతువుల మీద పరీక్షిస్తూ వెళ్తే, అది స్ఫటికాలు తీసేశాక మిగిలిన జిగట ముద్దలో దొరికింది. అదే రిసర్పిన్ అనే ఆల్కలాయిడ్. బలహీన క్షారం కావడంతో బలమైన క్షారాల గుంపుతో కలిసి రాలేదు. ఆ జిగట ముద్దను పారబోసి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు.

అయితే పరీక్షనే నమ్ముకుంటే ఇబ్బందులున్నాయి. ఎంజైమ్ పరీక్షల్లో టానిన్లు (మొక్కల్లోని వగరు పదార్థాలు) అన్నింటికీ అతుక్కుని, లేని గుణాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. కొన్నిసార్లు ఫ్రాక్షన్లు చేసేకొద్దీ గుణమే మాయమవుతుంది. నెలల కష్టం తర్వాత చేతికొచ్చేది ఎప్పుడో తెలిసిన పాత ఆల్కలాయిడ్ బెర్బెరినే కావచ్చు.

కొత్తదనమే కావాలంటే మాత్రం రెండో పద్ధతిదే పైచేయి. పదార్థాలను విడదీసి వాటి అణువుల ద్రవ్యరాశి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ పరికరంలో తెలిసిన ద్రవ్యరాశులను పక్కనపెట్టి, దేనితోనూ సరిపోలని పీక్ (గ్రాఫులోని శిఖరం) వెంట పడొచ్చు. అలా తీసినవి వృథా కావు. అజ్మలిన్ తర్వాత గుండె లయ మందైంది, బ్రుగాడా అనే గుండె లయ జబ్బును బయటపెట్టే పరీక్షలో ఇప్పటికీ వాడుతున్నారు. ఒక జాగ్రత్త: పదార్థాలను చుక్కలుగా విడదీసే టీఎల్‌సీ ప్లేటు మీద, ఆల్కలాయిడ్లను రంగుతో చూపే డ్రాగెండార్ఫ్ ద్రావణం చల్లగానే నారింజ చుక్క కనిపించిందని పొంగిపోకూడదు. ఆ చుక్క మనం సారం తీసేటప్పుడు పుట్టినదీ కావచ్చు: ద్రావణిగా వాడే క్లోరోఫామ్, అమ్మోనియా సమక్షంలో బెర్బెరిన్‌తో కలిసిపోయి, మొక్కలో లేని పదార్థాన్ని పుట్టిస్తుంది. కొత్తదనిపిస్తే వేరే ద్రావణితో మళ్లీ తీసి చూడాలి.

మందు కోసం వెతికేవాళ్లకు నేను చెప్పేది పరీక్ష దారే. కాకపోతే మొదటి ఫ్రాక్షన్ నుంచే ఎల్‌సీ-ఎంఎస్ పక్కన ఉండాలి, టానిన్లను ముందే తీసేయాలి. వెతికేది క్యాన్సర్ మందైతే, చివరికి దొరికిన శుద్ధ పదార్థాన్ని క్యాన్సర్ కణాల మీదే కాదు, మామూలు కణాల మీదా పరీక్షించాలి. రెండింటినీ ఒకేలా చంపేది విషమే అవుతుంది.