జీవాయుధ దాడిని పసిగట్టడంలో ఏది మేలు: గాలి పరికరమా, డాక్టరా?

2001లో అమెరికాలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పొడి నింపిన ఉత్తరాల వల్ల 22 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. అలాంటి దాడిని వెంటనే పసిగట్టడానికి 2003లో అక్కడి ప్రభుత్వం బయోవాచ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 30కి పైగా నగరాల్లో పరికరాలు గాలిని పీలుస్తాయి. రోజూ ఒక మనిషి వెళ్లి ఫిల్టరు తీసి ప్రయోగశాలకు చేర్చాలి. క్రిమి గాలిలో కలిసినప్పటి నుంచి ఫలితం తేలేసరికి 12 నుంచి 36 గంటలు పడుతుంది. అయినా ఎవరికీ జ్వరం రాకముందే మందులు పంచే వీలుంటుంది. ఆంత్రాక్స్ విషయంలో అది ప్రాణాలు నిలిపే వ్యవధి.

కానీ 2014 వరకు ఈ పరికరాలు 149 సార్లు ప్రమాదకర క్రిమి జాడ చూపితే, ఒక్కటీ దాడి కాదు. పైగా ఇవి చాలావరకు ఆరుబయటి గాలినే చూస్తాయి. ఆంత్రాక్స్ వచ్చింది కవర్లలో. అంతకుముందు 1984లో ఒరెగాన్‌లో రజనీష్ అనుచరులు హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కలిపి 751 మందిని జబ్బుపాలు చేశారు. ఈ రెండు దాడుల్లో ఏదీ వీధిలోని పరికరానికి అందేది కాదు.

మరి ఆంత్రాక్స్‌ను పట్టిందెవరు? 2001 అక్టోబర్ 2న ఫ్లోరిడాలో స్పృహ సరిగా లేని రోగిని ఆస్పత్రికి తెచ్చారు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) అనుకున్నారు. లారీ బుష్ అనే అంటువ్యాధుల డాక్టరు వెన్నునీటిని సూక్ష్మదర్శినిలో చూసి, కడ్డీల్లాంటి బ్యాక్టీరియా కనిపించగానే ఆంత్రాక్స్‌ను అనుమానించారు. నమూనా రాష్ట్ర ప్రయోగశాలకు వెళ్లింది. అక్టోబర్ 4కల్లా నిర్ధారణ అయింది. ఇలాంటి పరీక్షల కోసమే 1999లో ప్రయోగశాలలను ఒక వ్యవస్థగా కలిపి ఉంచడం అప్పుడు అక్కరకొచ్చింది.

ఆ రోగి బతకలేదు. డాక్టరు మీద ఆధారపడటంలో అసలు లోటు ఇదే: ఎవరో ఒకరు జబ్బుపడ్డాకే సంగతి తెలుస్తుంది. ఇంకో లోటు నన్ను ఎక్కువ బాధిస్తుంది: ఒక చోట తేలిన సంగతి మిగతా చోట్లకు వెంటనే చేరదు. సెనేట్ కార్యాలయంలో ఆంత్రాక్స్ ఉత్తరం విప్పింది అక్టోబర్ 15న. అది వచ్చిన వాషింగ్టన్ తపాలా కేంద్రాన్ని మూసింది 21న. అక్కడ పనిచేసే ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు ఆస్పత్రికి వెళ్తే ఇంటికి పంపేశారు.

అయినా నా ఓటు డాక్టరుకు, ప్రయోగశాలకే. గాలి పరికరాలు వద్దనను, పెద్ద సభలు జరిగే చోట పెట్టవచ్చు. కానీ డబ్బు ఒకదానికే సరిపోతే, అత్యవసర విభాగాల్లోని డాక్టర్లకు శిక్షణ, రాత్రిపూట కూడా నమూనా తీసుకునే ప్రయోగశాల, ఒక చోట తేలిన సంగతిని అదే రోజు మిగతా ఆస్పత్రులకు చేరవేసే ఏర్పాటు ముందు రావాలి. ఎవరూ దాడి చేయకపోయినా, మామూలు అంటువ్యాధులకు ఇవి ప్రతి రోజూ పనికొస్తాయి.