చీమల బారు మేలా, ఒంటరి వేట మేలా?

గోడ మీద పోతున్న చీమల బారుకు అడ్డంగా వేలితో గట్టిగా తుడిచి చూడండి. ముందున్న చీమ సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోతుంది. మీసాలు ఆడిస్తూ వెనక్కి తిరుగుతుంది, మళ్లీ వచ్చి తడుముకుంటుంది. కాసేపటికి ఏదో ఒకటి తెగించి దాటితే బారు మళ్లీ అతుక్కుంటుంది. మీరు తుడిచేసింది వాసనని. తిండి దొరికిన చీమ పుట్టదాకా నేలకు పూసుకుంటూ వచ్చే ఫెరోమోన్ అది.

బారు గొప్పతనం ఏంటంటే, లెక్క దానంతటదే తేలిపోతుంది. దగ్గరి దారిలో వెళ్లిన చీమ ముందు తిరిగొస్తుంది, కాబట్టి అక్కడ వాసన ముందు చిక్కబడుతుంది. అర్జెంటీనా చీమలకు ఒక పొడుగు వంతెన, ఒక పొట్టి వంతెన పెట్టిన ప్రయోగం 1989లో అచ్చయింది. చాలామటుకు చీమలు కాసేపట్లోనే పొట్టి వంతెనకు మళ్లాయి. గుడ్డిగా నమ్మితే ముప్పూ ఉంది. గయానా అడవిలో సుమారు 365 మీటర్ల చుట్టుకొలతతో గుండ్రంగా తిరుగుతున్న దండు చీమల్ని అమెరికా ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్ 1921లో వర్ణించాడు, ఒకదాని వాసన పట్టుకుని ఇంకొకటి. ఒక్కో చీమకు ఒక చుట్టు రెండున్నర గంటలు!

ఇక సహారా. అక్కడి వెండి చీమ మిట్టమధ్యాహ్నం, ఇసుక 60 డిగ్రీలు దాటాక బయటికొస్తుంది. అప్పటికి దాన్ని తినే బల్లులు నీడకు చేరి ఉంటాయి. ఒంటి వేడి 53 డిగ్రీలు దాటితే మాత్రం దానికీ చావే. మూడు పలకల వెంట్రుకలు ఎండను తిప్పికొట్టి, ఒంట్లో వేడిని బయటికి వదులుతాయి. అయినా దానికి దొరికేది కొద్ది నిమిషాలే.

కాలే ఇసుక మీద వాసన నిలవదు కాబట్టే ఈ చీమ ఒంటరిగా పోతుందని చాలామంది అంటారు. అది సగం నిజమే అని నాకనిపిస్తుంది. ఇక్కడ తిండి అంటే ఎండకు చచ్చిపడిన పురుగులు, ఒకటిక్కడ, ఒకటక్కడ. ఒక్క చీమే మోసుకెళ్లే దానికి పదిమందిని పిలవడమెందుకు? వాసన చెక్కుచెదరకుండా ఉన్నా బారుకు పని లేదు.

మరి ఇంటికెలా చేరుతుంది? సూర్యుడు, ఆకాశపు వెలుగు దిక్కు చెబుతాయి. దూరానికి అడుగుల లెక్క. ట్యునీషియా ఉప్పుమైదానాల్లోని దగ్గరి బంధువు మీద 2006లో దీన్ని తేల్చారు. తిండి దగ్గరికి చేరాక కాళ్లకు పంది వెంట్రుకలు అతికిస్తే పుట్ట దాటిపోయింది, కాళ్లు కత్తిరిస్తే ముందే ఆగి వెతుక్కుంది.

నన్నడిగితే, చల్లటి నేల, కుప్పగా పడ్డ తిండి ఉంటే బారే. చెదిరిన తిండి, మండే నేల అయితే ఒంటరి వేటే. బయటికి పోవడమే మానుకోవడం కూడా ఒక దారే. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దు ఎడారిలో గింజలేరే చీమలు గింజతో తిరిగొచ్చే వాటిని చూసుకునే బయలుదేరతాయి. గాలి బాగా పొడిబారిన రోజున కొన్ని పుట్టల చీమలు బయటికి పోవడం తగ్గించుకుంటాయి, పిల్ల పుట్టలు ఎక్కువగా ఆ పుట్టలకే పుట్టాయి. మెస్సర్ అనే గింజల చీమల్లో కొన్నయితే ఏ పక్షానా నిలబడవు. గింజలు దట్టంగా రాలితే బారు కడతాయి, పలచబడితే విడిపోతాయి, ఎండాకాలం వస్తే పనంతా రాత్రికి మార్చుకుంటాయి.