అనంతగిరిలో పటం, దిక్సూచి శిక్షణ: పాఠం బాగుంది, పటమే బాగోలేదు

పటం, దిక్సూచి పట్టుకుని దారి కనుక్కోవడం నేర్పే ఒకరోజు శిక్షణ కోసం గత నెలలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లి వచ్చాను. రెండు వేల రూపాయల రుసుములోనే పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులిహోర పెట్టారు. వాటికి వంక పెట్టలేను.

ఉదయం జరిగిన రెండు గంటల పాఠానికే ఆ రుసుము చెల్లిపోయింది. దిక్సూచి పలక అంచును పటం మీద ఉన్నచోటి నుంచి వెళ్లవలసిన చోటికి ఆనించి, చక్రంలోని గీతలను పటంలోని ఉత్తర దిశకు సరిపెట్టి, ఆపైన ఎర్రముల్లు చక్రంలోని బాణంలో ఇమిడేదాకా మనమే తిరగాలని శిక్షకుడు ఒక్కొక్కరి చేతా చేయించారు. నా ముల్లు మాత్రం పక్కవారి ముల్లుతో కలవలేదు. ‘ఫోన్ దూరంగా పెట్టండి సార్’ అని ఆయన అన్నాక చూసుకుంటే, అది నా చొక్కా జేబులో, దిక్సూచికి జానెడు దూరంలో ఉంది. మన ప్రాంతంలో ముల్లు చూపే అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి దానితో పెద్దగా ఇబ్బంది లేదని, పట్టుకున్న దిశ ఐదు డిగ్రీలు తప్పితే మాత్రం కిలోమీటరు నడిచేసరికి దాదాపు 87 మీటర్లు పక్కకు పోతామని లెక్క కట్టి చూపారు.

చిక్కంతా మధ్యాహ్నం మొదలైంది. కేంద్ర ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో (అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు) ఎత్తును చూపే కాంటూరు గీతలు గోధుమ రంగులో, కాలిబాటలు ఎర్రని తెగిన గీతలుగా, నీరున్న వాగులు నీలంగా, ఎండిన వాగులు నల్లగా ఉంటాయి. నిర్వాహకులు మా చేతికిచ్చినవి నలుపు తెలుపు జిరాక్సులు, అవీ మసకబారినవి. నేను బాట అనుకుని పట్టుకున్న గీత, మా ముగ్గురినీ తుప్పలు దాటించి, బండలు తేలిన ఒక ఎండు వాగులో దింపింది. కాంటూరు గీతలు దాన్ని దాటే ప్రతిచోటా కొండ పైవైపుకు మొనదేలి ఉన్నాయని, అలా ఉంటే అది వాగేనని శిక్షకుడు వచ్చి చూపేసరికి అరగంట గడిచిపోయింది. ఆ పాఠం పొద్దునే చెప్పి ఉండవలసింది. ముగ్గురికి ఒక్క దిక్సూచి ఇవ్వడం కూడా తక్కువే.

అయినా కొత్తవారు వెళ్లవచ్చనే అంటాను. పటం మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్ నుంచి పీడీఎఫ్‌గా తీసుకుని, రంగుల్లో ముద్రించుకుని వెంట పట్టుకెళ్లండి.