నల్లగొండ నుంచి పాలమూరు దాకా: సిస్టర్ల దగ్గర నాలుగు రోజులు

జనవరి 30, 2025 గురువారం పొద్దున్నే సికింద్రాబాద్ నుంచి కారులో బయల్దేరాం. నేను, మా ఆయన, అత్తమ్మ. డిక్కీ నిండా బియ్యం, సబ్బులు, మా విచారణలో (మా చర్చి పరిధిలో) పోగుచేసిన పాత బట్టల మూటలు. ఫిబ్రవరి 2న బాలయేసు సమర్పణ పండుగ. 1997 నుంచి అదే రోజున కతోలికులం మఠవాసుల (సన్యాస జీవితం గడిపే సిస్టర్లు, బ్రదర్ల) కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాం. "ఏటా గుడిలో ఒక ప్రార్థన చెప్పి ఇంటికొస్తున్నం, ఈసారి వాళ్ల దగ్గరికే పోదాం" అని అత్తమ్మ పట్టుబట్టింది.

విజయవాడ హైవే బాగుంది. నార్కట్‌పల్లిలో టిఫిన్ చేసి కుడివైపు తిరిగాం. నల్లగొండకు మొత్తం రెండున్నర గంటలు పట్టింది. బస మాత్రం బాగా ఇబ్బంది పెట్టింది. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో చెప్పిన లాడ్జిలో తీరా చూస్తే అది పనిచేయడం లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ మూడో అంతస్తు దాకా మెట్లెక్కింది. గదికి 1,400 రూపాయలు, వేడినీళ్లకు బకెట్‌కు ఇంకో 30. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తులో గది ఉందని రూఢి చేసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

మధ్యాహ్నం పట్టణం బయట సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాకు వెళ్లాం. కుష్ఠు నయమై ఏళ్లు గడిచిన ముసలివాళ్లు అక్కడికి కట్లు కట్టించుకోవడానికి వస్తారు. జబ్బు పోయినా పాదాల్లో స్పర్శ తిరిగి రాదు. ముల్లు దిగినా తెలియదు, పుండు పడుతుంది. సిస్టర్ ఒక తాత కాళ్లను ప్లాస్టిక్ టబ్బులో నానబెట్టి, ఇరవై నిమిషాలయ్యాక తీసి ఒళ్లో పెట్టుకుంది. మొద్దుబారిన చర్మాన్ని మెల్లగా గీకి, తడి ఆరకముందే నూనె రాసింది. వేళ్లు లేని ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ "తాతా, చెప్పులు వేసుకోకుండా పొలం పోయినవు కదా" అంది. తాత తల దించుకుని "ఒక్కరోజే బిడ్డా" అన్నాడు. ఆ చెప్పులు మామూలువి కావు. లోపల ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్) అనే మెత్తటి రబ్బరు ఉంటుంది. ఏం తేవాలని అడిగితే సిస్టర్ వెంటనే చెప్పింది: గాజుగుడ్డ, దూది, బ్యాండేజీ చుట్టలు, ఈ చెప్పులు. మేం తెచ్చిన బట్టల మూటలు చూసి ఏమీ అనలేదు. కానీ వరండా చివర అలాంటి మూటలు అప్పటికే గుట్టగా పడున్నాయి. వాటిని ఏరి, ఉతికి, మడతపెట్టే పని కూడా వాళ్ల మీదే పడుతోంది. దయచేసి పాత బట్టలు తీసుకెళ్లకండి.

రెండో రాత్రి దేవరకొండ వైపు ఒక ఊళ్లోని కాన్వెంటులో ఉన్నాం. ముందే ఫోన్ చేసి, మా విచారణ గురువుల (ఫాదర్) ఉత్తరం తీసుకెళ్లాం. రెండు మంచాల గది, దోమతెర, సోలార్ వేడినీళ్లు. రాత్రి ఏడున్నరకు భోజనం, తొమ్మిదికి గేటు మూస్తారు. బిల్లు ఉండదు, తోచినంత కవరులో పెట్టి ఇవ్వాలి. లాడ్జికి కట్టినంతకు తక్కువ కాకుండా ఇవ్వడం న్యాయం. పక్కనే తండాల ఆడపిల్లల హాస్టల్ ఉంది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ ఆ పిల్లలతో లంబాడీలోనే మాట్లాడుతోంది. పిల్లల ఫోటోలు తీయొద్దని ముందే చెప్పారు. ఈ మాట అందరూ పాటించాలి.

తెల్లవారి ఐదుకు గంట కొట్టారు. ఉదయ ప్రార్థనలో సిస్టర్లు రెండు వరుసలుగా నిలబడి ఒక్కో చరణం మార్చి మార్చి కీర్తనలు చెబుతుంటే అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత చర్చి పూజలో పంచే అప్పాలు చేసే గది చూపించారు. గోధుమపిండి, నీళ్లు, అంతే, ఇంకేదీ కలపకూడదు. జారుగా కలిపిన పిండిని కరెంటు పెనం రెండు పలకల మధ్య పోసి నొక్కితే కాగితమంత పల్చటి రేకు వస్తుంది. వెంటనే కోస్తే పెళుసుగా పగిలిపోతుందని, రాత్రంతా తేమ తగిలేలా ఉంచి పొద్దున బిళ్లలు కోస్తారు. అంచు ముక్కలు హాస్టల్ పిల్లలకు. చుట్టుపక్కల విచారణలు కొంటేనే ఈ పని నడుస్తుంది. హైదరాబాద్‌లో మనం ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటున్నాం కదా, వీళ్ల దగ్గరే ఎందుకు కొనకూడదు?

డబ్బు సంగతి నేనే కదిపాను. బడిలో చెప్పే సిస్టర్ జీతం ఆమె సొంతం కాదు. పేదరికపు వాగ్దానం (సొంత ఆస్తి ఉంచుకోననే మాట) ప్రకారం అది మఠానికే చేరుతుంది. సర్కారు జీతాలిచ్చే ఎయిడెడ్ బడుల్లో అలాంటి జీతాల మీద కూడా పన్ను కోయాల్సిందేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2020లో విదేశీ విరాళాల చట్టం మారాక, అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. అందుకే ఇక్కడివాళ్లు నెలనెలా పంపే 500 రూపాయలే వాళ్లకు ఆసరా. బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. విరాళం మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ నగదు 2,000 దాటితే రాదు. ఇంకో మాట. అందరూ పిల్లలకనే ఇస్తారు, సిస్టర్లకని ఎవరూ ఇవ్వరు. మంచం పట్టిన పెద్ద సిస్టర్‌ను ఏం కావాలని అడిగితే చాలాసేపు ఆలోచించి, పెద్ద అక్షరాల ప్రార్థన పుస్తకం ఉంటే తెమ్మంది.

శనివారం కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ (పాలమూరు) చేరాం. లాడ్జి శుభ్రంగా ఉంది, కింది గది ఇచ్చారు.  ఆదివారం అక్కడి సిస్టర్లతో కలిసి కొవ్వొత్తులు పట్టుకుని గుడిలోకి నడిచాం. సువిశేషంలో (బైబిల్లో యేసు జీవితం చెప్పే భాగంలో) ఎనభై నాలుగేళ్ల వితంతువు అన్నమ్మ దేవాలయం విడవకుండా ప్రార్థించే ఘట్టం చదివారు. పూజ అయ్యాక ఒక సిస్టర్ రూళ్ల నోటుబుక్కు తెచ్చి, ఎవరి కోసం ప్రార్థించాలో రాయమంది. అత్తమ్మ మా మామయ్య పేరు రాసి, దాని కిందే నల్లగొండ తాత పేరూ రాసింది.

తిరిగొచ్చిన వారం మా విచారణ గురువులతో మాట్లాడాం. నెలకు రెండు వేల అప్పాలు దేవరకొండ వైపు సిస్టర్ల దగ్గరే తీసుకుందామన్నారు. మార్చి 5న, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం లోపు, మొదటి డబ్బా కావాల్సి వచ్చింది. ఆర్టీసీ కార్గోలో వేయిద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. పెద్ద సిస్టర్‌కు పుస్తకం ఇవ్వాలి, తానే పోయి తెస్తానంది.